నిశ్చయకాంక్ష

కారణము తెలియని కష్టమును సహించుట మనస్సునకు దుష్కరము. మిథ్యాకారణమైనను దానికి ఊరటయే. 1934 జనవరి 15న బీహారు, నేపాళములందలి భూకంపము వేలాది జనులను బలిగొనెను. అది అస్పృశ్యతాపాపమునకు దైవదండనమని గాంధీజీ పలికిరి. అస్పృశ్యతను వారివలెనే గర్హించిన రవీంద్రులు, ప్రకృతివిపత్తునకు నీతికారణమును అంటగట్టుట యుక్తివిరుద్ధమనియు, ప్రతిపక్షులును ఈ వాదమునే తమకనుకూలముగా త్రిప్పుకొనగలరనియు ఆక్షేపించిరి. భూమి కంపించునపుడు కులమును విచారింపదుగదా! గాంధీజీ తమ విశ్వాసమును విడువలేదు. కాని ఆ యాక్షేపమును తమ 'హరిజన్' పత్రికయందే ప్రకటించిరి. మేము శిరసావహించునది ఆ నిశ్చయమును గాదు, ఆ ప్రకటనమును. మహాత్మునకే తప్పని యీ బలహీనత మనకు తప్పునా? వదంతినైనను, నాయకుని వాక్కునైనను నమ్ముటకు ముందు, 'సత్యమని నమ్ముచున్నామా, ఊరటకై నమ్ముచున్నామా?' యని పాఠకులు తమ్ము తాము ప్రశ్నించుకొందురు గాక.