మందును పసిగట్టు స్వర్ణరేణువులు

జ్వరము వచ్చినపుడు మన యిండ్లలో మొదట వెదకునది పారాసెటమాలు బిళ్ల. మోతాదులో నున్నంతవఱకు అది మేలు చేయును. మోతాదు మించెనేని కాలేయమును పాడుచేయును. విచిత్రమేమనగా, మొదటి దినమున రోగి యించుమించు ఆరోగ్యవంతునివలెనే కనబడవచ్చును. దీనికి విఱుగుడు ఎసిటైల్ సిస్టీన్ అను మందు. ఎనిమిది గంటలలోపల నిచ్చినచో అది మిక్కిలి గుణము చూపును. కావున రక్తములో నెంత పారాసెటమాలున్నదో శీఘ్రముగా తెలిసికొనుట ప్రాణముతో ముడిపడిన పని. అందులకు శాస్త్రజ్ఞులు సిద్ధపఱచుచున్న యొక సాధనమునుగూర్చి యిచ్చట వివరింతుము.

ఎలక్ట్రోడునకు తగిన వోల్టేజి నిచ్చినపుడు, దానిని తాకిన పారాసెటమాలు అణువు రెండు ఎలక్ట్రానులను, రెండు ప్రోటానులను విడిచి వేఱొక పదార్థముగా మాఱును. ఆ ఎలక్ట్రానులే తీగలో విద్యుత్ప్రవాహమగును. మందు హెచ్చిన ప్రవాహము హెచ్చును. తెలిసిన పాళ్ల ద్రావణములను ముందుగా కొలిచి పట్టిక వ్రాసికొన్నచో, తెలియని దానిలోని పాలును లెక్కింపవచ్చును. విద్యుత్తుతో ద్రావణములను పరీక్షించు పోలరోగ్రఫీ యను పద్ధతిని 1922లో ప్రాగ్ నగరమున యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ కనిపెట్టెను. ఆయనకు 1959లో నోబెల్ బహుమానము లభించెను.

మఱి నానోకణము లేల? నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. చతురస్రపు బెల్లపు దిమ్మను నిలువున, అడ్డమున, లోతున పదేసి భాగములుగా కోసినచో వేయి ముక్కలగును. బరువు పెరుగదు గాని, పైతలము పదిరెట్లగును. అట్లే కర్బనపు ఎలక్ట్రోడుపై బంగారు నానోకణములను పొదిగినచో అణువులు తాకుటకు చోటు పెరుగును. ఎలక్ట్రానుల రాకపోకలు సుకరమగును. స్వల్పమైన మందు సైతము బయటపడును. 1857లో మైకేల్ ఫారడే తయారుచేసిన యెఱ్ఱని బంగారు ద్రవములో నున్నవి యిట్టి సూక్ష్మకణములే.

అయినను చిక్కులు లేకపోలేదు. రక్తములోని యూరికామ్లము, సి విటమిను కూడ ఎలక్ట్రానుల నిచ్చి లెక్కను తారుమాఱు చేయగలవు. మాంసకృత్తులు ఎలక్ట్రోడునకు అంటుకొని దాని సున్నితత్వమును తగ్గించును. కనుక ఇట్టి సాధనము చూపు అంకెను ఆసుపత్రి ప్రయోగశాలలోని పరీక్షతో సరిచూచిన పిదపనే నమ్మవలెను.

తల్లిదండ్రులకు మేము విన్నవించునది యొకటి కలదు. కొన్ని జలుబు మందులలో సైతము పారాసెటమాలే యుండును. చీటి చదువక రెండు మందులను కలిపి యీయరాదు. పొరపాటున మోతాదు మించినచో, బిడ్డ ఆడుకొనుచున్నాడు గదా యని యూరకుండక, తక్షణమే వైద్యునికడకు కొనిపోవలెను. ఎంత సున్నితమైన యంత్రమైనను, వేళకు దానియొద్దకు చేరినవారికే యుపకరించును.