ఇంగ్లండులో ఏ-లెవెల్ రసాయనశాస్త్రము: పాఠ్యము, పరీక్ష

రసాయనశాస్త్రము కంటితో చూచి, చేతితో చేసి నేర్వవలసిన విద్య. పరీక్ష మాత్రము చాలవరకు కాగితముపై జరుగును. చేతి నేర్పును కాగితముపై కొలువవచ్చునా? కొలువలేనిచో ఆ నేర్పునకు విలువ కట్టుట ఎట్లు? రసాయనశాస్త్రమును బోధించు ప్రతి దేశమునకును ఎదురగు చిక్కు ఇది. దీనికి ఇంగ్లండు 2015లో ఒక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టినది. దాని మంచిచెడ్డలను తూచుటకు ముందు అచ్చటి పాఠ్యక్రమమును తెలిసికొనవలెను.

రెండేండ్ల చదువు

ఇంగ్లండులో పిల్లలు 16వ ఏట జి.సి.ఎస్.ఇ. పరీక్షను ముగింతురు. విశ్వవిద్యాలయములో చేరగోరువారిలో అనేకులు ఆపై రెండేండ్లు ఏ-లెవెల్ చదువుదురు. ఈ పరీక్ష 1951లో ఆరంభమైనది. మన ఇంటర్మీడియట్ వలెనే ఇదియు పాఠశాలకును విశ్వవిద్యాలయమునకును నడుమ వంతెన వంటిది. అయితే అచ్చటి విద్యార్థి సాధారణముగా మూడు విషయములను మాత్రమే ఎన్నుకొనును. కావున ఒక్కొక్క దానిని లోతుగా చదువుటకు వీలు కలుగును. పరీక్షలు నడుపు మండళ్ళు కొన్ని గలవు. వానిలో ఏ.క్యూ.ఏ. అను మండలి పాఠ్యక్రమమును ఉదాహరణముగా గైకొనవచ్చును.

ఈ పాఠ్యము భౌతిక, అకర్బన, కర్బన రసాయనములని మూడు భాగములు. పరమాణు నిర్మాణము, మోలు లెక్కలు, బంధములు, ఉష్ణమార్పులు, చర్యావేగము, సమతాస్థితి మొదటి భాగములోనివి. ఆవర్తన పట్టికలోని క్రమము, రెండవ, ఏడవ గ్రూపులు, పరివర్తన మూలకములు రెండవ భాగములోనివి. ఆల్కేనులు మొదలుకొని ఆల్కహాలులు, ఆల్డిహైడులు, బెంజీను వర్గము, ప్రోటీనుల వరకు మూడవ భాగములోనివి.

ఒకే విషయము రెండుమారులు వచ్చును. రెండవమారు మరికొంత లోతునకు పోవును. మొదటి ఏట విద్యార్థి చర్యలో ఎంత ఉష్ణము వెలువడునో, ఎంత గ్రహింపబడునో లెక్కించును. ఉష్ణము వెలువడు చర్యలే తమంతట తాము జరుగునని అప్పుడు తోచవచ్చును. కాని నవాసారము, అనగా అమ్మోనియం క్లోరైడు, నీటిలో వేసినచో నీరు చల్లబడును; అయినను లవణము కరగుచునే యుండును. దీనికి కారణమేమి? రెండవ ఏట ఎంట్రోపీని గూర్చి చదివినపుడు ఈ చిక్కు విడిపోవును. స్ఫటికములో వరుస తీరియున్న అయానులు ద్రావణములో చెదరిపోవుటచే ఎంట్రోపీ పెరుగును; ఆ పెరుగుదల ఉష్ణపు లోటును మించిపోవును.

మూడు ప్రశ్నపత్రములు

రెండేండ్ల చివర మూడు పత్రములు వ్రాయవలెను. ఒక్కొక్క దానికి 2 గంటల కాలము. మొదటిది భౌతిక, అకర్బన రసాయనములపై 105 మార్కులకు. రెండవది భౌతిక, కర్బన రసాయనములపై 105 మార్కులకు. మొత్తములో వీని వంతు చెరి 35 శాతము. మూడవది 90 మార్కులకు. దీని వంతు 30 శాతము. ఇందు 40 మార్కులు ప్రయోగ విధానములకును, ఫలితముల విశ్లేషణమునకును సంబంధించినవి.

కంఠస్థము చేసినవానికి ఇందు గట్టెక్కుట కష్టము. తెలిసిన విషయమును చెప్పుటకు 30 నుండి 35 శాతము, దానిని క్రొత్త సందర్భమునకు అన్వయించుటకు 40 నుండి 45 శాతము, ఫలితములను విమర్శించి నిర్ణయించుటకు 25 నుండి 30 శాతము మార్కులు కేటాయింపబడినవి. మొత్తముమీద గణితమునకు సంబంధించినవి కనీసము 20 శాతము.

అంశమాపనము వలన ఈ మూడు మెట్లను గ్రహింపవచ్చును. బ్యూరెట్టులో హైడ్రోక్లోరికామ్లము, కుప్పెలో 0.100 మోలారు సోడియం హైడ్రాక్సైడు 25.0 ఘన సెంటీమీటర్లు ఉన్నవనుకొనుడు. ఏ సూచికను వాడవలెనో చెప్పుట మొదటి మెట్టు. ఆమ్లము 20.00 ఘన సెంటీమీటర్లు పట్టినచో దాని గాఢత 0.125 మోలారు అని లెక్క కట్టుట రెండవ మెట్టు. కుప్పెను నీటితో గాక క్షారముతోనే కడిగినచో ఫలితమేమగునని అడుగుట మూడవ మెట్టు. కుప్పెలో మిగిలిన క్షారమునకు గూడ ఆమ్లము కావలెను; కొలత పెరుగును; లెక్కలో ఆమ్లపు గాఢత ఉన్నదానికంటె తక్కువగా తేలును. నీటితో కడిగినచో దోషము లేదు, ఏలయన కుప్పెలోని క్షారపు మోలుల సంఖ్య మారదు.

ప్రయోగశాల సంగతి

ప్రతి విద్యార్థియు చేయవలసిన ప్రయోగములు 12 నిర్ణయింపబడినవి. అంశమాపనము, ఉష్ణమార్పును కొలుచుట, స్వేదనము, అయానుల పరీక్షలు, విద్యుద్ఘటపు పొటెన్షియలును కొలుచుట, కర్బన పదార్థమును తయారుచేసి శుద్ధి పరచుట, పలుచని పొరపై క్రొమటోగ్రఫీ మున్నగునవి ఇందు చేరినవి. సూచనలను అనుసరించుట, విచారణాదృష్టితో పనిచేయుట, పరికరములను క్షేమముగా వాడుట, పరిశీలనలను నమోదు చేయుట, పరిశోధించి నివేదిక వ్రాయుట అను ఐదు విషయములలో ఉపాధ్యాయుడు రెండేండ్లపాటు విద్యార్థిని గమనించును. తృప్తికరముగా నున్నచో ఉత్తీర్ణుడని వ్రాయును. ఇది ధ్రువపత్రములో వేరుగా కనబడును. ఏ-స్టార్ నుండి ఇ వరకు గల గ్రేడులలో దీనికి భాగము లేదు.

పూర్వ మట్లు కాదు. ప్రయోగముల మార్కులు మొత్తములో కలియుచుండెను. కాని తమ విద్యార్థులకు తామే మార్కులు వేయు చోట దాదాపు అందరికిని ఎక్కువ మార్కులే వచ్చుచుండెను. అట్టి మార్కులు ఒకనిని మరియొకనినుండి వేరుచేయజాలవు. పైగా మార్కులు వచ్చు కొద్ది ప్రయోగములనే మరల మరల సాధన చేయించు అలవాటు ప్రబలెను. అందుచే నియంత్రణ సంస్థయగు ఆఫ్‌క్వాల్ ప్రయోగపు మార్కులను గ్రేడునుండి వేరుచేసినది. క్రొత్త పద్ధతి 2015 సెప్టెంబరులో బోధనలోనికి వచ్చి, 2017లో మొదటి పరీక్షలు జరిగినవి. ప్రయోగ జ్ఞానము నడుగు ప్రశ్నలకు వ్రాతపరీక్షలలో కనీసము 15 శాతము మార్కులు ఉండవలెనని నియమము చేయబడినది.

దీనిపై శాస్త్రజ్ఞులలో పలువురు ఆందోళన వెలిబుచ్చిరి. మార్కు లేని పనిని పాఠశాలలు అశ్రద్ధ చేయునని వారి భయము. అది నిరాధారమైనది కాదు. కుప్పె కడుగుటను గూర్చిన జవాబును కుప్పెను ముట్టనివాడును వల్లించి వ్రాయగలడు. అయితే రెండవ వైపును చూడవలెను. మార్కుల భయము తొలగినచో, విద్యార్థి తప్పు కొలతను దాచక ఉన్నదున్నట్లు వ్రాసి, తప్పు ఎందుకు వచ్చినదో వెదకుటకు జంకడు. ప్రయోగశాలలో ఆ నిజాయితీయే మొదటి పాఠము.

బ్యూరెట్టుపై ఒక్కొక్క కొలతలో 0.05 ఘన సెంటీమీటరు వరకు అనిశ్చితి గలదు. మొదట, చివర రెండుమారులు చూతురు గనుక మొత్తము 0.10. కొలిచినది 20.00 అయినచో అది అరశాతము, 10.00 మాత్రమే అయినచో ఒక శాతము. ఏ కొలతలోను దోషము పూర్తిగా పోదు. దాని మేర ఎరిగి వాడుకొనుటయే శాస్త్రము. మనుష్యులను కొలుచు పరీక్షకును ఈ నియమమే వర్తించును. ఒకే సాధనముతో జ్ఞానమును, చేతి నేర్పును కూడ కొలువబోయిన చోట రెండును సరిగా తేలలేదు. అందుచేతనే ఇంగ్లండు రెంటిని విడదీసినది. విడదీయబడిన ప్రయోగము ఆదరణ పొందునా లేదా అనునది నియమముపై గాక, ప్రతి పాఠశాలలో ప్రయోగశాల తలుపు తెరచు ఉపాధ్యాయునిపై ఆధారపడియున్నది.