విశాఖలో దొరికి... చిలికాలో మిగిలి

ఒడిశాలోని సాతపాడ రేవులో పడవెక్కి, చిలికా సరస్సు సముద్రంలో కలిసే వైపు కొంత దూరం పోయి ఇంజిన్ ఆపితే ముందు చప్పుడే వినిపిస్తుంది. పక్కనే ఎవరో నిట్టూర్చినట్టు ‘ఫుస్స్’ మంటుంది. తల తిప్పేలోపు బూడిదరంగు వీపు, దానిమీద చిన్న మొండి రెక్క పైకి తేలి మునిగిపోతాయి. సినిమాల్లోలా గాల్లో పల్టీలు కొట్టే రకం కాదిది. గుమ్మడికాయలాంటి గుండ్రటి తల, పొడుచుకురాని మూతి, ఎప్పుడూ ముసిముసిగా నవ్వుతున్నట్టుండే ముఖం. దీని పేరు ఇరావతి డాల్ఫిన్.

పేరు మయన్మార్ నదిదే కానీ, శాస్త్రలోకానికి దీన్ని చూపించింది మన విశాఖపట్నం. 1852లో అక్కడి రేవులో దొరికిన డాల్ఫిన్ ఆధారంగా శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1866లో దీన్ని వర్ణించాడు. ‘పొట్టి మూతిది’ అనే అర్థం వచ్చేలా ‘బ్రెవిరోస్ట్రిస్’ అన్నాడు. ఊరి పేరే పెట్టి ఉంటే ఈపాటికి విశాఖ బీచ్‌లో దీనికో బొమ్మ ఉండేది!

మయన్మార్‌లో దీనికీ జాలరికీ పాత పొత్తు. జాలరి కర్రతో పడవ అంచు మీద తట్టి పిలుస్తాడు. డాల్ఫిన్లు చేపలను అతని వైపు తోలతాయి. అతడు వల విసురుతాడు. చెదిరిన చేపలు వాటికి, వలలో పడ్డవి అతనికి.

అన్ని వలలూ ఇలా మేలు చేయవు. నీళ్లలో నిలువుగా కట్టి వదిలేసే నైలాన్ వలలో చిక్కితే డాల్ఫిన్ గాలి కోసం పైకి రాలేదు. నీళ్లలో పుట్టి పెరిగిన ప్రాణి నీళ్లలోనే ఊపిరాడక పోతుంది. పోయినదాని చోటు అంత తొందరగా నిండదు. తల్లి దాదాపు 14 నెలలు మోసి కనేది ఒక్క పిల్లనే. మెకాంగ్ నదిలో లావోస్ వైపు మిగిలిన చిట్టచివరి డాల్ఫిన్ 2022లో చనిపోయింది.

చిలికా కథ కాస్త నయం. ఇసుక మేటలతో మొగ పూడుకుపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు మొక్కలు కమ్మేసి, చేపలు కరువైన సరస్సు అది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. సముద్రపు నీరు లోపలికొచ్చింది, దానితో చేపా వచ్చింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి 2002లో చిలికా పేరు తీసేశారు. తర్వాత వలలతో దడులు కట్టి సరస్సును ఆక్రమించిన రొయ్యల పెంపకాలనూ ప్రభుత్వం తొలగించింది. డాల్ఫిన్లకు తిరిగే చోటు పెరిగింది. ఇప్పుడు చిలికాలో ఇవి నూట యాభై అటూ ఇటూ. ఒక పెళ్లి బంతిలో కూర్చునే జనమంత!

ఇక అక్కడ మరో బెడద మన సరదా. ఒక్క రెక్క కనిపిస్తే చాలు, నాలుగు మోటారు పడవలు చుట్టుముడతాయి. ఇంజిన్ రెక్కలు తగిలితే ఒళ్లు చీలుతుంది, మోత వాటిని బెదరగొడుతుంది. పూరీ యాత్రకెళ్లే మనవాళ్లలో చాలామంది సాతపాడకూ వెళ్తారు. ‘ఇంకో వంద ఇస్తాం, దగ్గరికి పోనీ బాబూ’ అని పడవవాణ్ని తొందరపెట్టకండి. దూరంగానే ఇంజిన్ ఆపమనండి. ఆ నిట్టూర్పు అక్కడికే వినిపిస్తుంది.