గేరు మార్చేదెవరు?

కారు నడిపేవారి పక్కన కూర్చుని ఎప్పుడైనా గమనించారా? ఎడమకాలితో క్లచ్చి తొక్కుతారు, ఎడమచేత్తో గేరు మారుస్తారు, తర్వాత క్లచ్చిని మెల్లగా వదులుతారు. రద్దీ వీధిలో ఒక్క కిలోమీటరు పోవాలన్నా ఈ పని ఎన్నోసార్లు చెయ్యాలి. కొన్ని కార్లలో మాత్రం క్లచ్చి పెడలే ఉండదు. బ్రేకు, యాక్సిలరేటరు రెండే ఉంటాయి. ఎడమకాలు పనిచెయ్యని వారికి ఇలాంటి కారు గొప్ప వరం. మరి ఇందులో గేరు మార్చేదెవరు?

అసలు గేర్లు ఎందుకు?

పెట్రోలు ఇంజను నిముషానికి సుమారు 800 చుట్లయినా తిరుగుతూ ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. కాని కారు చక్రాలు సున్నా నుంచి బయలుదేరాలి కదా! ఈ ఇద్దరికీ రాజీ కుదిర్చేవి పళ్ళచక్రాలు. 20 పళ్ళ చక్రం 60 పళ్ళ చక్రాన్ని తిప్పిందనుకోండి. పెద్ద చక్రం వేగం మూడోవంతుకు తగ్గుతుంది. రాపిడిలో పోయే కొద్దిపాటి నష్టాన్ని వదిలేస్తే, తిప్పే బలం మూడింతలవుతుంది. బయలుదేరేటప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ బలం కావాలి. చదునైన రోడ్డుమీద వేగం కావాలి. అందుకే ఒకటి కాదు, అనేక గేర్లు.

నూనె చేసే పని

రెండు టేబులు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి, ఒకదానికే కరెంటు ఇస్తే ఏమవుతుంది? దాని గాలికి రెండోది కూడా తిరగసాగుతుంది. రెండోదాన్ని ఆపినా మొదటిది ఆగదు. గాలికి బదులు నూనె నింపి, అంతా మూసిన డబ్బాలో పెడితే అదే టార్క్ కన్వర్టరు. ఇంజనువైపు రెక్కలు నూనెను చిమ్ముతాయి. ఆ నూనె గేర్లవైపు రెక్కలను తిప్పుతుంది. మధ్యనున్న స్టేటరు తిరిగివచ్చే నూనెను ఇంజను తిరిగే దిశకే మళ్ళించి, బయలుదేరే సమయంలో బలాన్ని దాదాపు రెండింతలు చేస్తుంది. ఈ ఊహ జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫొటింగర్‌ది. 1905లో ఓడల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు.

నూనె కొంత జారుతుంది కనుక కొంత శక్తి వేడిగా పోతుంది. అందుకే నేటి కార్లలో వేగం అందుకోగానే రెండువైపులా కలిపి బిగించే క్లచ్చి ఒకటి ఉంటుంది.

సూర్యుడు, గ్రహాలు

ఈ కార్లలో గేర్ల అమరిక సౌరకుటుంబాన్ని తలపిస్తుంది. నడుమ సూర్యచక్రం, చుట్టూ చిన్న గ్రహచక్రాలు, వాటి బయట లోపలివైపు పళ్ళున్న వలయం. సూర్యచక్రానికి 30 పళ్ళు, వలయానికి 60 పళ్ళు ఉన్నాయనుకుందాం. వలయాన్ని కదలకుండా పట్టి ఉంచితే, సూర్యుడు మూడు చుట్లు తిరిగేసరికి గ్రహాలన్నీ కలిసి ఒక చుట్టు వస్తాయి. అన్నిటినీ కలిపి బిగిస్తే మొత్తం ఒకే వేగంతో తిరుగుతుంది. గ్రహాల చట్రాన్ని పట్టి ఉంచితే వలయం వెనక్కి తిరుగుతుంది. అదే రివర్సు గేరు! దేన్ని ఎప్పుడు పట్టాలో పూర్వం నూనె పీడనమే నిర్ణయించేది, ఇప్పుడు కంప్యూటరు నిర్ణయిస్తుంది.

గేర్లే లేని గేరుపెట్టె

సి.వి.టి. అనే రకంలో రెండు కప్పీలు, వాటిని కలిపే ఒక బెల్టు ఉంటాయి. కప్పీ పలకలు దగ్గరైతే బెల్టు పైకి జరుగుతుంది, దూరమైతే లోపలికి దిగుతుంది. దాంతో నిష్పత్తి మెట్లుమెట్లుగా కాక, వాలుబాటలాగా మారుతుంది. 1958లో హాలండులో డాఫ్ సంస్థ రబ్బరు బెల్టులతో ఇలాంటి కారును ప్రదర్శించింది. మన వీధుల్లో తిరిగే గేరు లేని స్కూటర్లలో ఉన్నదీ ఈ పద్ధతే.

రెండు క్లచ్చిలు, ఒక మరచేయి

మరో రకంలో రెండు క్లచ్చిలుంటాయి. ఒకటి 1, 3, 5 గేర్లను, మరొకటి 2, 4, 6 గేర్లను చూసుకుంటుంది. మూడో గేరు పనిచేస్తుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. అందుకే మార్పు రెప్పపాటులో జరిగిపోతుంది.

అన్నిటికన్నా చవక ఎ.ఎం.టి. ఇందులో ఉన్నది మామూలు గేరుపెట్టే. క్లచ్చి తొక్కేదీ, గేరు మార్చేదీ మాత్రం ఒక యంత్రం. 2014లో మారుతి సెలెరియోతో ఇది మన దేశంలో సామాన్యులకు అందింది. అయితే గేరు మారేటప్పుడు లాగుడు ఒక్క క్షణం తెగి, చిన్న కుదుపు తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త

టార్క్ కన్వర్టరు ఉన్న కారును 'డి'లో పెట్టి బ్రేకు వదిలితే, యాక్సిలరేటరు తొక్కకపోయినా ముందుకు పాకుతుంది. ఎందుకో ఫ్యానుల ఉదాహరణతో మీరే చెప్పగలరు. కాబట్టి ఇంజను నడుస్తున్న కారు ముందు ఎప్పుడూ నిలబడకండి. గేరు మార్చడం యంత్రం నేర్చుకుంది గాని, ఎదురుగా ఎవరున్నారో చూసి కారును ఆపే బాధ్యత ఇప్పటికీ నడిపేవారిదే!