చేమాకుకు బురద ఎందుకు అంటదు?



పోయిన వారం సైన్సు సారు క్లాసులో ఒక ప్రశ్న అడిగినారు. "వాన పడితే తనంతట తానే శుభ్రమయ్యే ఆకు ఏది?" అని. నాకు తెలుసు. వాగు ఒడ్డున చేమదుంపలు తవ్వేటప్పుడు మా నాయనమ్మ "ఈ ఆకుకు బురద అంటదు చూడు" అని ఎన్నోసార్లు చూపించింది. కాని నాయనమ్మ మాట సైన్సు అవుతుందా, అందరూ నవ్వుతారేమో అని లేవలేదు. చివరికి సారే "తామరాకు, చేమాకు" అని చెప్పినారు. నాకు చాలా బాధ అనిపించింది. అందుకే సారును అడిగి తెలుసుకొని ఇది రాస్తున్నాను.

జర్మనీలో విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రవేత్త ఉన్నారు. 1970ల్లో ఆయన ఎన్నో రకాల ఆకులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినారు. నున్నటి ఆకులనైతే చూసే ముందు కడగాల్సి వచ్చేది. గరుకుగా ఉండి మైనం పూత ఉన్నవి కడగకపోయినా శుభ్రంగానే ఉండేవి. నున్నగా ఉన్నదానికే మురికి అంటదని మనం అనుకుంటాం కదా! ఇక్కడ తిరగబడింది. ఎందుకని ఆయన వెతికినారు.

తామరాకు పైన కంటికి కనపడని బొడిపెలు ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. వాటి మీద ఇంకా సన్నని మైనం గొట్టాలు. దువ్వెన పళ్ల మీద గోలీ పెట్టినట్టు, నీటిబొట్టు ఆ కొనల మీదే నిలబడుతుంది. కింద గాలి ఉంటుంది. అందుకే బొట్టు పరుచుకోకుండా దొర్లుతుంది. దుమ్ము కూడా కొనలకే ఆని ఉంటుంది కాబట్టి బొట్టుకు అంటుకొని పోతుంది. తెగులు తెచ్చే బూజు కూడా అట్లనే కొట్టుకుపోతుంది. అదే ఆకుకు లాభం.

45 కోట్ల ఏళ్లకు ముందే మొక్కలు నీళ్లలోంచి నేల మీదికి వచ్చినాయి. ఒళ్లు ఎండిపోకుండా వాటికి మైనం పొర ఏర్పడింది. ఆ పొరే మారుతూ మారుతూ కొన్ని మొక్కల్లో ఈ పని కూడా చేస్తున్నది. 1997లో బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనే ఇంకొక శాస్త్రవేత్త కలిసి ఈ సంగతి ప్రకటించినారు. 1999లో ఇదే పద్ధతితో గోడల రంగు కూడా అమ్మకానికి వచ్చింది.

మీరూ చేసి చూడండి. చేమాకు మీద చిటికెడు బూడిద చల్లి, నీటిబొట్లు వేయండి. తర్వాత ఆకును ఒక చోట వేలితో గట్టిగా రుద్ది మళ్లీ వేయండి. మైనం చెరిగిన చోట నీళ్లు పరుచుకుంటాయి. కాడ మాత్రం విరవకండి, రసం దురద పెడుతుంది.

సెలవులకు పోయినప్పుడు ఇదంతా నాయనమ్మకు చెప్తాను. సారు మళ్లీ అడిగితే ఈసారి లేస్తాను.

మీ ఊళ్లో నీళ్లు అంటని ఆకులు ఇంకా ఏమున్నాయి? కింద ఖాళీ వదిలినాను, పేర్లు రాయండి. మీ ఇంటి భాషలో పేరైనా సరే.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని