దొంగే కాపలా ఉంటే

ఇంట్లో నాన్న నెట్ బ్యాంకింగ్ చేసే సిస్టమ్ స్లో అయింది. టాస్క్ మేనేజర్‌లో తేడాగా ఏమీ కనిపించట్లేదు. అంటే క్లీన్‌గా ఉన్నట్టేనా? అక్కర్లేదు. రూట్‌కిట్ అనే రకం మాల్వేర్ విండోస్ లోపలికే దూరి, తన పేరు లిస్టులో రాకుండా చేస్తుంది. 2005లో మార్క్ రుసినోవిచ్ బయటపెట్టిన సోనీ బీఎంజీ సీడీల ప్రోగ్రామ్ చేసింది ఇదే. ఫైల్ పేరు ముందు ‘$సిస్$’ అని ఉంటే చాలు, కనిపించదు. కొద్ది రోజులకే వేరే మాల్వేర్ కూడా ఆ పేరు తగిలించుకుని దాక్కుంది.

అందుకే విండోస్ నడవనప్పుడే వెతకాలి. ఓపెన్ చేసినవన్నీ సేవ్ చేసి, విండోస్ సెక్యూరిటీ స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ లోడ్ కాకముందే వెతికి తీసేస్తుంది. సుమారు 15 నిమిషాల పని. అయినా అనుమానం పోకపోతే ఫొటోలు, నోట్స్ మాత్రమే కాపీ చేసుకుని, వేరే సిస్టమ్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో డిస్క్ మొత్తం చెరిపేసి విండోస్ మళ్లీ వేయండి.

పాస్‌వర్డ్‌లు మాత్రం ఫోన్‌లోంచి మార్చండి. శుభ్రం చేయకముందు అదే సిస్టమ్‌లో మారిస్తే, కొత్త తాళంచెవి కూడా దొంగ చేతికే ఇచ్చినట్టు.