వార్తల్లో పదం: ప్లేయర్ అట్రిబ్యూట్స్

ఫుట్‌బాల్ వీడియో గేముల్లో ఆటగాడి ఒక్కో నైపుణ్యాన్ని 99 వరకు అంకెల్లో సూచించే కొలమానాలే అట్రిబ్యూట్లు. 2021లో విడుదలైన ‘ఫిఫా 22’లో ఇండియన్ సూపర్ లీగ్ చేరడంతో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్లకూ ఈ అంకెలు వచ్చాయి, తెలంగాణ కుర్రాళ్లకు సొంత రాష్ట్ర జట్టును తెరపై నడిపించే వీలు కలిగింది. ఈ అంకెల్లో, పాస్ అందుకునే ఆటగాడికి వేగమే సర్వస్వమనుకోవడం పొరపాటు. వేగం అతణ్ని ఖాళీ చోటికి చేరుస్తుంది గాని, వచ్చిన బంతి తొలి స్పర్శలోనే అదుపులోకి వస్తుందా, ప్రత్యర్థికి చిక్కేంత దూరం జారిపోతుందా అన్నది ‘బాల్ కంట్రోల్’ తేలుస్తుంది. డిఫెండర్ల నడుమ అనువైన చోటు పసిగట్టడం ‘పొజిషనింగ్’పై, దిశ మారిన బంతికి చప్పున స్పందించడం ‘రియాక్షన్స్’పై ఆధారపడతాయి. హైదరాబాద్ టైటిల్ గెలిచిన 2021–22 సీజన్‌లో ఆ జట్టు స్ట్రైకర్, 37 ఏళ్ల బార్తలోమ్యూ ఒగ్బెచే 18 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానాన నిలవడం, పరుగు కన్నా సరైన చోటు పసిగట్టడం ఎంత విలువైనదో నిజమైన మైదానంలోనే చూపింది.